తువ్వాల వేసిన సీటు

బ్యాంకాక్ పోయొచ్చానని తెలిసినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు, అక్కడ ఏం చూశావని. బంగారు బుద్ధుణ్ణి చూశావా, సముద్రం చూశావా, పెద్ద పెద్ద బజార్లు చూశావా అని. నిజం చెప్పాలంటే నేను చూసింది బండ్లు. రోడ్డు మీద పోయేవి, నీళ్ళ మీద పోయేవి, నెత్తిమీద పోయేవి. ఒకే ఒక్క రోజులో అన్నీ ఎక్కి దిగాను. సరదాకు ఎక్కలేదు, చేసిన తప్పుకు ఎక్కాను. తప్పు నాదే గానీ, నేర్పింది మాత్రం మా గద్వాల బస్టాండు.

గద్వాల బస్టాండు

అవి రెండువేల అయిదు, ఆరు నాటి రోజులు. గద్వాల ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉంది. వనపర్తికో నాగర్‌కర్నూల్‌కో పోవాలంటే బస్సు దొరకడం ఒక ఎత్తు, సీటు దొరకడం ఒక ఎత్తు. అందుకు మాకొక పద్ధతి ఉండేది. బస్సు గేటు దగ్గర మలుపు తిరుగుతుండగానే జనం దానివెంట ఉరుకుతారు. తలుపు దగ్గర తోసుకునేది తర్వాత. ముందు కిటికీలోంచి తువ్వాల పడాలి. తువ్వాల లేకపోతే చేసంచి, అదీ లేకపోతే టిఫిన్ గిన్నె. ఒకాయన చెప్పు కూడా వేశాడు, నా కళ్ళారా చూశాను. ఏది పడినా సరే, ఆ సీటు వేసినవాడిదే. ఆ తర్వాత ఆయన తీరిగ్గా బీడీ కాల్చుకుని, భార్యాపిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి కూర్చుంటాడు. అడిగేవాడుండడు.

ఈ విద్యలో మా మామను మించినవాడు లేడు. తిప్పన్న మామ అంటే మా అమ్మకు సొంత అన్న, నా భార్యకు తండ్రి, నాకు మగ్గం నేర్పిన గురువు. బస్సు కదులుతున్నా సరే, చెయ్యి ఒక్క విసురు విసిరితే తువ్వాల పోయి మూడో సీటులో పరుచుకునేది. ఒకసారి వనపర్తి బస్సులో ఎవరో ఆఫీసరు ఆ తువ్వాల పక్కకు జరిపి కూర్చోబోయాడు. "సారూ, తువ్వాలుంది" అని బస్సంతా ఒక్క గొంతుతో అన్నది. పాపం, ఆయన పెబ్బేరు దాకా నిలబడే వచ్చాడు.

"తువ్వాలంటే మాటరా" అనేవాడు మామ. "మాట మీద ఎవడన్న కూసుంటడా?"

మామ కళ్ళు

ఆ సంవత్సరం బ్యాంకాక్‌లో చేనేత పండుగ పెడుతున్నారనీ, గద్వాల చీర నేసి చూపించడానికి ఇద్దరు కావాలనీ కబురొచ్చింది. చార్జీలు, బస అంతా వాళ్ళదే. మగ్గం చట్రం కూడా అక్కడే ఇస్తారు. మనం తీసుకుపోవలసింది పన్నె, పడుగు అంటే నిలువు పోగులు, అడ్డపోగును అటూ ఇటూ దాటించే నాడెలు. పన్నె అంటే పెద్ద దువ్వెన వంటిది. దాని పళ్ళ సందుల్లోంచే నిలువు పోగులన్నీ దాటి రావాలి. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, కొంగు పట్టు. ఆ రెండూ కలిసేచోట ప్రతి నూలు పోగునూ ఒక్కో పట్టు పోగుకు చేత్తో అతకాలి. వేలకొద్దీ పోగులు. ఒక్కటి వదులైనా పన్నె దాటేటప్పుడు పుటుక్కున తెగుతుంది.

ఆ అతుకులు వేయడంలో మామ చెయ్యి ఊళ్ళో పేరుమోసింది. కానీ అప్పటికి రెండేళ్ళుగా దగ్గరి చూపు ఆయనకు అందడం లేదు. అద్దాలు మార్చినా, దవాఖానలో చుక్కలు వేసినా లాభం లేకపోయింది. ఆ వానాకాలమంతా పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చే గంటసేపు మాత్రమే కూర్చుని, కళ్ళతో కాక వేళ్ళతో తడుముకుంటూ ఆ పడుగు అతికాడు. నేను చేస్తానంటే ఒప్పుకోలేదు.

"ఇదొక్కటి నన్ను జేయనియ్యి అల్లుడా. ఇగ మల్ల నా చేత గాదు" అన్నాడు. "ఇన్నేండ్లు నేసిన. ఈ అతుకు ఎట్ల దాటుతదో నల్గురు కూసోని చూసింది లేదు. ఒక్కసారి ఎవలన్న చూస్తే సాలు."

పన్నెకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, తన పాత పంచెలో చుట్టి, నీలం సంచిలో పెట్టుకుని మేమిద్దరం బయలుదేరాం. మగ్గం మీద పట్టు ఉన్నన్ని రోజులు మామ నీసు ముట్టడు. అందుకని అత్త ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, కొల్లాపూర్ మామిడికాయ తొక్కు వేరే సంచిలో కట్టి ఇచ్చింది.

విమానాశ్రయం ఎదుటి రైలు

విమానం సంగతి ఎక్కువ రాయను. అందులో సీటు ముందే రాసి చేతికిస్తారు, తువ్వాలకు పని లేదు. మామకు అది నచ్చలేదు.

మమ్మల్ని తీసుకుపోవడానికి వచ్చిన అమ్మాయి పేరు ప్లాయ్. పండుగ పెట్టినవాళ్ళ తరఫు మనిషి. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ, ఆమెకు వచ్చిన పదీ కలిపి నెట్టుకొచ్చాం. "టాక్సీలో పోదామా, రైలులో పోదామా?" అని అడిగింది. రోడ్డు మీద కార్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. విమానాశ్రయం ఎదురుగానే రోడ్డు దాటితే రైల్వేస్టేషను. టిక్కెట్టు అయిదు బాట్లు. బాట్ అంటే అప్పట్లో మన రూపాయికి కొంచెం పైమాట. అంతదూరం ఆకాశంలో వచ్చి అయిదు రూపాయల రైలెక్కడం మామకు భలే సంతోషం కలిగించింది.

రైలు ఆలస్యంగానే వచ్చింది. అచ్చం మా కాచిగూడ ప్యాసింజరే! చెక్క బల్లలు, తెరిచిన కిటికీలు, గిర్రుగిర్రున శబ్దం చేసే ఫ్యాన్లు. అది ఆగీ ఆగకముందే మామ చెయ్యి లేచింది. తువ్వాల కిటికీలోంచి పోయి బల్ల మీద పడింది. ప్లాయ్ నోరు తెరిచింది. మేం ఎక్కి చూస్తే అక్కడ కూర్చున్న ముసలామె తువ్వాలను మడతపెట్టి, రెండు చేతులతో మామకు అందించి, పక్కకు జరిగింది.

"చూసినవా? ఈడ గూడ నడుస్తది" అన్నాడు మామ నా వైపు తిరిగి, గెలిచినవాడిలా.

ఆ మాటే నన్ను ముంచింది.

దారిలో బుట్టలతో ఆడవాళ్ళు ఎక్కారు. కవర్లలో కోసిన పుల్ల మామిడి, పక్కన ఉప్పూ కారమూ పంచదారా కలిపిన పొడి. గద్వాలలో మా బడి గేటు ముందు ఒకావిడ అమ్మేది ఇదే కదా, ఆ పంచదార తప్ప! మామ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూశాడు. "మనది మస్తు. ఇది గూడ బాగనే ఉంది" అని తీర్పు చెప్పాడు.

నెత్తిమీది రైలు

రెండో రోజు మాకు పని లేదు. ఊరు తిరిగి చూడండి అని ప్లాయ్ పొద్దున్నే రెండు కాగితాలు చేతిలో పెట్టింది. ఒకదాని మీద వాళ్ళ లిపిలో హోటలు పేరు. రెండోదాని మీద పండుగ జరిగే హాలు పేరు, తన ఫోన్ నంబరు. దారి తప్పితే చూపించమని సైగ చేసింది. హోటలు కాగితం జేబులో పెట్టుకున్నాను. రెండోది పోగొడతానేమోనని భద్రంగా నీలం సంచిలో వేశాను. నా తెలివి అంత!

రోడ్డు పైన స్తంభాల మీద పరిగెత్తే రైలు ఎక్కాం. లోపల చల్లగా, అద్దంలా శుభ్రంగా ఉంది. ఇంతమంది ఉన్నా ఒక్కరు మాట్లాడరు. మామ చుట్టూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చి అడిగాడు.

"ఎవ్వలు మాట్లాడ్తలేరేంది? ఎవలన్న సచ్చిండ్రా?"

నాకు నవ్వు ఆగలేదు. గద్వాలలో బస్సెక్కితే బీచుపల్లి వంతెన వచ్చేలోపు పక్కవాడి పొలం ఎంతో, బోరు పడిందో లేదో, కోడలు పుట్టింటికి ఎందుకు పోయిందో అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ పక్కవాడి మొహం కూడా గుర్తులేదు. ఇప్పుడు మా బస్సుల్లోనూ అందరూ ఫోన్లలో తల దూర్చుకునే పోతున్నారు. అప్పుడు నవ్వాను గానీ, ఈమధ్య ఆ మాట గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

కిందికి దిగితే పేవ్‌మెంటు మీద ఒకావిడ రోలు పెట్టుకుని పచ్చి బొప్పాయి తురుము దంచుతోంది. పచ్చిమిరప, వెల్లుల్లి, పల్లీలు, నిమ్మరసం. రోలూ రోకలీ కనబడగానే మామ అక్కడే చతికిలబడ్డాడు. చేపల రసం సీసా ఎత్తబోతే చెయ్యి అడ్డం పెట్టి, దండం పెట్టి, ఆకాశం వైపు చూపించాడు. ఆమెకు ఏం అర్థమైందో గానీ సీసా కింద పెట్టి, తనూ దండం పెట్టి, వట్టి బొప్పాయే దంచి ఇచ్చింది. మామ సంచిలోంచి జొన్నరొట్టె తీసి దానితో తిన్నాడు. ఆమెకూ ఒక ముక్క ఇచ్చాడు. ఆమె కొరికి చూసి, గట్టిగా ఉందని పళ్ళు పట్టుకుని నవ్వింది.

కాలువ రేవు

మూడో రోజు మగ్గం కట్టుకోవాలి, ఆ మర్నాడే పండుగ మొదలు. హాలు కాలువ ఒడ్డునే ఉందనీ, మా హోటలు దగ్గరి రేవు నుంచి పడవలో నాలుగో రేవనీ ప్లాయ్ ముందే చెప్పింది. రోడ్డయితే గంట, కాలువయితే పావుగంట.

ఆ కాలువ నీళ్ళు తారులా ఉంటాయి, వాసన మరీ ఘోరం. కొల్లాపూర్ దగ్గర కృష్ణలో పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, ఎక్కినవాళ్ళం మేము. పుట్టివాడు వచ్చేదాకా చెట్టుకింద పడుకుంటాం, మనుషులు నిండితే గానీ అది కదలదు. ఇక్కడి పడవ అలా కాదు. ఇంజను గర్రుమంటూ వస్తుంది, రేవును ఇలా రాసుకుంటుంది, జనం ఆ చివరనించి ఈ చివరదాకా ఒక్కసారే తాళ్ళు పట్టుకుని దూకుతారు, అంతే, పోయింది. పదిహేను అంకెలు లెక్కపెట్టేంత సేపు కూడా ఆగదు. కండక్టర్లు తలకు హెల్మెట్లు పెట్టుకుని పడవ అంచు మీదే నడుస్తూ టిక్కెట్లు కొడతారు.

పడవ వచ్చింది. రేవు నిండా ఆఫీసులకు పోయే జనం. ముందుకు చూస్తే పట్టాకింద ఒక మూలన రెండు సీట్లు ఖాళీ. నా రక్తంలో ఉన్న గద్వాల బస్టాండు ఒక్కసారి లేచింది. ఆలోచించలేదు. భుజం మీది తువ్వాల, చేతిలోని నీలం సంచి, రెండూ కలిపి విసిరాను. సూటిగా పోయి సీటు మీద పడ్డాయి.

ఇక సీటు మాదే కదా అన్న ధీమాతో వెనక్కి తిరిగి, "రా మామా, నిమ్మలంగ రా" అని చెయ్యి చాపాను. మామ పంచె ఎగదోపుకుంటున్నాడు. ఇంజను గర్రుమంది. తిరిగి చూసేసరికి పడవకూ రేవుకూ మధ్య నల్లటి నీళ్ళు. ఆ నీళ్ళు పెరుగుతూ పోయాయి.

"ఆపుండ్రి! ఆపుండ్రీ!" అని తెలుగులో అరిచాను. ఎవరికి తెలుస్తుంది!

మామ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒక వానాకాలమంతా వేళ్ళతో తడిమి వేసిన అతుకులు అవి, మళ్ళీ వేయలేడు. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ప్లాయ్ నంబరు కూడా ఆ సంచిలోనే పోయింది. ఆమె హాలులోనే ఉంటుంది, నాలుగో రేవులో దిగి వెతకొచ్చన్న ఆలోచన ఆ కంగారులో నాకు రానే లేదు.

కాసేపటికి మామ రేవు మీది బల్ల మీద కూర్చున్నాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం జేసినట్టు అయింది" అన్నాడు, నవ్వకుండానే. తర్వాత, "ఈడనే ఉందాం. వనపర్తి పోయిన బస్సు మల్ల గద్వాలకు రాదా? పడవ గూడ అంతే."

"గిన్ని పడవలు తిరుగుతుంటె అది మల్ల ఎప్పుడొస్తదో ఎవలకు తెలుసు మామా? నువ్వు ఈడనే ఉండు. నేను పట్టుకొస్త."

"గట్ల ఉరకకు. జర ఆగు."

నేను ఆగలేదు. ఆగే గుణమే ఉంటే ఆ సంచి విసిరేవాణ్ణా?

నేను ఎక్కిన బండ్లన్నీ

వెనక వచ్చిన పడవ ఎక్కాను. ఈసారి అందరికంటే ముందే దూకాను. మూడో రేవు దగ్గర ఎదురుగా వస్తున్న పడవలో నీలం సంచి కనబడింది. దిగాను. ఆ పడవ అప్పటికే వెళ్ళిపోయింది.

రేవు బయట నారింజ రంగు జాకెట్లు వేసుకున్న మోటారుసైకిలు వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అక్కడ మోటారుసైకిలే టాక్సీ. ఒకడికి పడవ వైపు, రోడ్డు వైపు చూపించి ఇరవై బాట్లు చేతిలో పెట్టాను. వాడు అర్థం చేసుకున్నాడు, మరీ ఎక్కువ అర్థం చేసుకున్నాడు! ఇరుకు సందుల్లోంచి, ఆరేసిన బట్టల కిందనుంచి, ఒకరి వంటపొయ్యి పక్కనుంచి తీసుకుపోయాడు. ఒక అమ్మాయి స్కర్టు వేసుకుని ఇంకో బండి మీద పక్కకు కూర్చుని, అద్దం చూసుకుంటూ పెదాలకు రంగు వేసుకుంటోంది. నేనేమో వాణ్ణి రెండు చేతులా వాటేసుకుని ఆంజనేయ దండకం చదువుతున్నాను. పడవ కంటే ముందే రేవు చేర్చాడు. పడవ ఆగింది. నీలం సంచి మీద పడ్డాను. సంచినిండా క్యాబేజీలు. అది పట్టుకున్న ముసలాయన నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు.

అక్కడినుంచి మూడు చక్రాల ఆటో. పడవలు చివరికి ఎక్కడ ఆగుతాయో అక్కడికి తీసుకుపొమ్మని కాగితం మీద పడవ బొమ్మ గీసి, అది అలసిపోయి పడుకున్నట్టు కూడా గీశాను. అతను "ఓకే, ఓకే" అని ఎక్కించుకుని, సగం ఊరు తిప్పి, ఒక పట్టుబట్టల దుకాణం ముందు ఆపాడు. గిరాకీని తెస్తే వాళ్ళకేదో ఇస్తారట. పట్టు నేసేవాణ్ణి, పట్టు పోగొట్టుకుని ఏడుస్తున్నవాణ్ణి, నన్ను తీసుకొచ్చి పట్టు కొనమంటాడా! గద్వాలలో ఉన్న తిట్లన్నీ తిట్టాను. అతను చల్లగా నవ్వి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. అక్కడ కోపం తెచ్చుకున్నవాడిదే పరువు తక్కువ అని తర్వాత ప్లాయ్ చెప్పింది.

తర్వాత ఎక్కింది వెనక రెండు బల్లలు వేసిన చిన్న ట్రక్కు. అది చూడగానే మాత్రం ప్రాణం కుదుటపడింది, ఎందుకంటే అది మావైపు పాన్‌గల్ ఊరికి పోయే జీపే. మోకాళ్ళకు మోకాళ్ళు తగిలించి కూర్చోవడం, వెనక మెట్టు మీద వేలాడడం, అంతా అదే. మనం దిగాలంటే టాపు మీద దబదబ బాదుతాం, వాళ్ళు చిన్న గంట నొక్కుతారు. నేను టాపు బాదాను. అందరూ ఉలిక్కిపడ్డారు. అప్పటికే అది కాలువకు ఎంతో దూరం వచ్చేసింది. పక్కన కూర్చున్న ఒకామె హోటలు కాగితం చూసి, తనూ దిగి, నన్ను నెత్తిమీది రైలు స్టేషను దాకా నడిపించి, మెట్లు చూపించి, మళ్ళీ తన దారిన ఇంకో ట్రక్కు ఎక్కింది. నా బాధ ఏమిటో ఆమెకు తెలియదు, పేరు కూడా నేను అడగలేదు.

చల్లటి రైలులో అందరూ మౌనంగా ఉన్నారు. మామకు ఏం చెప్పాలి అన్నదొక్కటే ఆలోచన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి తువ్వాల కూడా లేదు.

మామ కూర్చున్న చోటు

రేవుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. మామ అదే బల్ల మీద ఉన్నాడు. పక్కన ఒక ఆకులో జిగట అన్నం, మామిడిపండు ముక్కలు. ఎవరు పెట్టారో ఆయనకూ తెలియదు. నేను ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపాను.

"కూసో" అన్నాడు. "తిను. పొద్దుగాల సంది ఏం తిన్నవ్?"

"మామా, నన్ను తిట్టు."

"తిడితె పడవొస్తదా?" అని ఆకు నా వైపు జరిపాడు. "నువ్వు పోయినంక ఒక్కొక్క పడవ చూస్తనే ఉన్న. అది రాలె. వస్తే నాకు తెలుస్తది."

"అన్ని ఒక్క తీర్గనే ఉన్నయి, ఎట్ల తెలుస్తది?"

"నువ్వు సీటు చూసినవ్. నేను గుడ్డ చూసిన."

అక్కడ ప్రతి పడవ ముక్కుకూ రంగురంగుల గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి. పడవలో అమ్మవారు ఉంటుందని వాళ్ళ నమ్మకం; అక్కడ కాలు కూడా పెట్టరు. మనం మగ్గానికి పసుపు రాసినట్టే. మా పడవకు కట్టింది ఆకుపచ్చ, పసుపు, ముదురు గులాబి గుడ్డలట, గులాబిది ఒక అంచు చిరిగి రెండు పాయలుగా వేలాడుతోందట. పొద్దున కంగారులో నేను పడవ రంగు కూడా చూడలేదు. మామ గుడ్డ నేత ఎలాంటిదో కూడా చూశాడు. దగ్గరి పోగు కనబడని ఆ కళ్ళకు దూరానిది దివ్యంగా కనబడుతుంది.

సాయంత్రం జనం పెరిగారు. పడవల వెనక పడవలు. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో మామ లేచి నిలబడ్డాడు.

"అగో. చిరిగిన గులాబి."

నాకు ఇంకా పడవే సరిగ్గా కనబడలేదు. దగ్గరికి వచ్చాక చూశాను. పడవ ముక్కు మీద, పూలదండల కింద, మామ పాత పంచె మూట కనబడింది. నా తువ్వాలతో కదలకుండా కట్టి ఉంది.

అంచు మీద నడిచొస్తున్న కండక్టరు మమ్మల్ని చూసింది. ముప్పై ఏళ్ళుంటాయి, హెల్మెట్టు కింద ఎండకు కమిలిన మొహం. మామ రెండు చేతులూ జోడించాడు. ఆమె ఇంజను వైపు చూసి ఏదో గట్టిగా కేకేసింది. అంత తొందర పడవ, మా కోసం ఆగింది. ఆమె దండలకు మొక్కి, తువ్వాల ముడి విప్పి, మూటను రెండు చేతులతో మామ చేతుల్లో పెట్టింది. నీలం సంచి దాని వెంటే ఇచ్చింది. సంచిలోంచి ప్లాయ్ రాసిన కాగితం తీసి, హాలు పేరు మీద వేలు పెట్టి, తను అక్కడికే తెద్దామనుకున్నట్టు చేత్తో చూపించింది. మధ్యాహ్నం పడవకు విశ్రాంతి అని చెంప కింద చెయ్యి పెట్టుకుని చూపింది. నేను ఊరంతా తిరుగుతున్నప్పుడు పన్నె అమ్మవారి దగ్గర నిద్రపోయింది!

మామ మూట విప్పి అతుకుల వరస మీద వేళ్ళు నడిపాడు. ఒక్కటీ తెగలేదు. అప్పుడు ఏడ్చాడు మామ. పొద్దున్నుంచి ఆపుకున్నదంతా ఏడ్చాడు.

"బిడ్డా, రేపు రా" అన్నాడు, అదే కాగితం మీద హాలు పేరు చూపిస్తూ, మరో చేత్తో నేస్తున్నట్టు చూపిస్తూ. "ఇది ఎట్ల దాటుతదో చూస్తువు."

ఆమె పడవను చూపించి తల అడ్డంగా ఊపింది. తర్వాత మూడు వేళ్ళు చూపించింది. ఇంజను మోగింది. పడవ పోయింది.

ఖాళీ కుర్చీ

ఆ రాత్రే హాలుకు పోయి, ప్లాయ్‌కు జరిగింది చెప్పి, మగ్గం కట్టుకున్నాం. పండుగ మూడు రోజులు. మగ్గం ముందు కుర్చీలు వేశారు. మొదటి రోజు పొద్దున మామ మగ్గం ఎక్కే ముందు తన తువ్వాల దులిపి, ముందు వరస నడిమి కుర్చీ మీద పరిచాడు.

"మామా, మూడు వేళ్ళంటే మూడో రోజనేనా? ఇంకేదన్న అన్నదేమో" అన్నాను.

"మూడో రోజే" అన్నాడు. అంతే, ఇంకేం వినలేదు.

నేత మొదలైంది. మూడు నాడెలు, నేను ఒక పక్క, ఆయన ఒక పక్క. జనం వచ్చారు, ఫోటోలు తీశారు. రెండో రోజు మధ్యాహ్నానికే అతుకు పన్నె దగ్గరికి వచ్చేసింది. ఇంకొక్క జానెడు నేస్తే దాటుతుంది. మామ చెయ్యి ఆపాడు. ప్లాయ్ వచ్చి, పెద్దవాళ్ళు వస్తున్నారు, అసలు పని ఇప్పుడే చూపించమని బతిమాలింది. మామ నాడెల్లోని నూలు కండెలు మార్చాడు, పోగులు సర్దాడు, నీళ్ళు తాగాడు. కోటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన తువ్వాల తీసి కూర్చోబోయాడు.

"సారూ, తువ్వాలుంది" అన్నాను నేను, తెలుగులోనే. మామ నా వైపు చూసి, పన్నె వెనక మొహం దాచుకుని నవ్వాడు. ఆయన నవ్వి ఎన్ని రోజులైందో! ప్లాయ్ ఏదో నచ్చజెప్పింది. ఆ పెద్దమనిషి నిలబడే చూశాడు, చూడడానికి పెద్దగా ఏమీ లేకపోయినా.

మూడో రోజు సాయంత్రమైంది. పక్క మగ్గాలవాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. గడియారం చూసి నాకు గుబులు పుట్టింది. ఆమె రాకపోతే, ఈ అతుకు ఎవరూ చూడకుండానే చుట్టేసుకుని గద్వాలకు మోసుకుపోవాలి. మామ కళ్ళు మాత్రం వాకిలి మీదే ఉన్నాయి.

"మామా, నేద్దాం పట్టు. ఇగ మూసేస్తరు."

"జర ఆగు" అన్నాడు. ఈసారి నేను ఆగాను.

మామే ముందు చూశాడు. అంత దూరంలో ఉన్నది ఆయనకు కాక ఇంకెవరికి కనబడుతుంది! చంకలో హెల్మెట్టు పెట్టుకుని, జనంలోంచి ఎవరినో వెతుక్కుంటున్నట్టు వస్తోంది. తడి ఆరని బట్టలు, కాలువ వాసన. కోట్లు వేసుకున్నవాళ్ళ మధ్యకు రావడానికి సందేహించి వెనకే నిలబడింది.

మామ మగ్గం దిగి వెళ్ళాడు. ఆమెను ముందు వరసకు తీసుకొచ్చి, నడిమి కుర్చీ మీది తువ్వాల తీసి, దానితోనే కుర్చీ తుడిచాడు.

"కూసో బిడ్డా. నీ సీటే."

ఆమె కూర్చుంది. హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుంది. మామ తిరిగి మగ్గం ఎక్కి, కళ్ళు మూసుకుని, అతుకుల మీద వేళ్ళు ఒకసారి నడిపి, నాడె అందుకున్నాడు.